విడుదల కమిటీలకు బహిరంగ లేఖ: రైతు వేసే మార్కును కూడా లెక్కలో వెయ్యండి

కొత్త ధాన్యపు రకాలను తయారుచేసే శాస్త్రవేత్తలకు, వాటిని విడుదల చెయ్యాలా వద్దా అని తేల్చే కమిటీల సభ్యులకు, ఈ పనికి నిధులిచ్చే సంస్థలవాళ్ళకు నమస్కారం.

సూటిగా విషయంలోకి వస్తాను. ఒక వరి రకమో, జొన్న రకమో, గోధుమ రకమో బయటికి రావాలంటే ఏళ్ళ తరబడి పని ఉంటుందని నాకు తెలుసు. సంకరం చేసిన దగ్గర్నుంచి తరం తర్వాత తరం ఏరుకుంటూ, తెగుళ్ళకు పరీక్షిస్తూ, ఎన్నో చోట్ల మళ్ళలో వేసి తూకాలు తీస్తూ వచ్చాక గానీ ఒక లైను, అంటే ఇంకా రకంగా పేరు పెట్టని ఎంపిక, మీ బల్ల మీదకు రాదు. ఆ కష్టాన్ని తక్కువ చెయ్యడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అంత కష్టమూ అయ్యాక, ఎకరమో అరెకరమో చేసుకునే రైతు ఆ విత్తనాన్ని ఒక పంటకు వేసి రెండో ఏడు మళ్ళీ తన పాత రకానికే వెళ్ళిపోతుంటే, 'రైతులకు అవగాహన లేదు' అని రిపోర్టులో ఒక్క ముక్క రాసి ఫైలు మూసేస్తున్నారు చూడండి, దాని గురించి రాస్తున్నాను. రైతుల పొలాల్లో ట్రయల్స్ వేయించడం, వాటి దగ్గరకు నలుగురినీ తీసుకెళ్ళడం, వాళ్ళు చెప్పింది రాసుకోవడం నా పని. ఆ పనిలో నాకు బలంగా అనిపించింది ఒక్కటే. రైతును మీరు అడుగుతున్నారు, కాదనను, కానీ అడిగే సమయానికి నిర్ణయం అయిపోతోంది.

మామూలుగా జరిగేది ఇదే కదా. పరిశోధనా స్థానంలో మొదలై, తర్వాత నాలుగైదు ప్రాంతాల్లో రెండు మూడు సీజన్లు ట్రయల్ నడుస్తుంది. అన్ని చోట్లా వచ్చిన దిగుబడుల సగటు తీస్తారు, చెక్ రకం (పోలిక కోసం పక్కన వేసే, ఇప్పటికే వాడుకలో ఉన్న రకం) కంటే ఎంత ఎక్కువ వచ్చిందో చూస్తారు, తెగుళ్ళ స్కోర్లు చూస్తారు, గింజ నాణ్యత వివరాలు ల్యాబ్ నుంచి వస్తాయి, అన్నీ సరిపోతే విడుదల. ఆ తర్వాత ప్రదర్శనా క్షేత్రాలు, మినీకిట్లు (రైతులకు పంచే చిన్న విత్తన పొట్లాలు), క్షేత్ర దినోత్సవాలు. చిన్న రైతు ఇందులోకి అడుగు పెట్టేది అక్కడ. అప్పటికే రకానికి పేరు పెట్టేశారు, మూలవిత్తనం పెంచడం మొదలైంది, కరపత్రం అచ్చయింది. ఆ దశలో ఒక రైతు "గింజ బాగుంది సార్, చొప్పే పశువులు ముట్టడం లేదు" అంటే ఎవరేం చెయ్యగలరు? రాసుకుంటాం. రాసుకున్నది ఎక్కడికీ వెళ్ళదు.

అసలు తేడా మొదలయ్యేది నేల దగ్గర. పరిశోధనా స్థానంలో మడి చదునుగా ఉంటుంది, ఎరువు సిఫారసు చేసినంతా పడుతుంది, కలుపు సమయానికి తీస్తారు, మరీ ఎండితే ఒక తడి ఇస్తారు. చిన్న రైతు చేలో ఇవన్నీ ఒకే ఏడు కుదరడం అరుదు. వానను బట్టి విత్తడం, చేతిలో డబ్బును బట్టి ఎరువు, మనుషులు దొరికినప్పుడు కలుపు. అక్కడ అదే రకం కాస్త తక్కువ పండుతుంది, అంతేగా అనుకుంటే మాత్రం పొరపాటే. రకాల వరుసే తారుమారవుతుంది. బాగా చూసుకున్న మడిలో మొదట నిలిచింది బెట్టకొచ్చిన చేలో అడుగుకు పోవచ్చు, అక్కడ వెనకబడింది ఇక్కడ ముందుకు రావచ్చు. సగటు తీసినప్పుడు ఈ తారుమారు కనపడకుండా పోతుంది. పైగా బాగా పండే చోట్ల అంకెలే పెద్దవి కాబట్టి సగటు ఎప్పుడూ వాటి వైపే మొగ్గుతుంది. అంటే లోటు నేలల్లో బతికే రైతుకు పనికొచ్చే రకం కాగితం మీదే ఓడిపోతుంది, ఎవరికీ దురుద్దేశం లేకుండానే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ఎండు ప్రాంతాల వ్యవసాయం మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇకార్డా అప్పట్లో సిరియాలో అలెప్పో దగ్గర ఉండేది; అక్కడి శాస్త్రవేత్తలు సాల్వతోరే చెకరెల్లి, స్టెఫానియా గ్రాండో 1990ల మధ్య నుంచి బార్లీ ఎంపికను స్టేషన్ గోడల బయటికి తీసుకెళ్ళారు. రైతుల సొంత పొలాల్లో లైన్లు వేసి, శాస్త్రవేత్తలు ఒక పక్క, రైతులు ఒక పక్క విడివిడిగా ఏరుకున్నారు. రైతులు ఏరినవి దిగుబడిలో శాస్త్రవేత్తలు ఏరినవాటికి తీసిపోలేదు. అదొక్కటే కాదు, రైతులు ఏం చూసి ఏరారన్నది ఇంకా ముఖ్యం. అక్కడ బార్లీ ప్రధానంగా గొర్రెల మేత. గింజతో పాటు గడ్డి కావాలి, అది మెత్తగా ఉండాలి. వాన లేని ఏడు పైరు గిడసబారితే కోత మిషన్‌కు అందదు, చేత్తో పీకాల్సి వస్తుంది, కాబట్టి కరువులో కూడా కాస్త ఎత్తు పెరిగే పైరు కావాలి. మామూలుగా శాస్త్రవేత్తకు పొట్టి పైరంటే ఇష్టం, పడిపోదు కదా. ఆ ఎండు ప్రాంతపు రైతుకు పడిపోవడం అనేదే పెద్ద బాధ కాదు, ఎదగకపోవడం బాధ. తడి ఎక్కువున్న ప్రాంతంలో తెల్ల గింజ, ఎండు ప్రాంతంలో నల్ల గింజ అక్కడివాళ్ళు ఇష్టపడేవి. ఒకే దేశంలో, ఒకే పంటలో, రెండు రకాల తీర్పు. మీ సగటు పట్టికలో ఇవి రెండూ ఎక్కడ పడతాయో ఒక్కసారి ఆలోచించండి.

దిగుబడి తర్వాతి సంగతి ఇంకా పెద్దది. మలావీ మొక్కజొన్న విషయం ఈ రంగంలో ఉన్నవాళ్ళందరూ విన్నదే, అయినా మళ్ళీ చెబుతాను, ఎందుకంటే విన్నాక కూడా మన పద్ధతి మారలేదు. అక్కడి స్థానిక మొక్కజొన్న గింజ గాజులా గట్టిది. ఆడవాళ్ళు రోట్లో దంచి పొట్టు తీసి, నానబెట్టి, మళ్ళీ దంచి తెల్లటి మెత్తటి పిండి చేసుకుంటారు. గట్టి గింజ అయితే దంచినప్పుడు పొట్టు విడిగా వచ్చేస్తుంది, లోపలిది మిగులుతుంది. అప్పట్లో ఇచ్చిన హైబ్రిడ్లు నెత్తిన నొక్కు పడే మెత్తగింజ రకాలు. చేలో ఎక్కువ పండేవి, నిజమే. రోట్లో వేస్తే గింజలో కొంత భాగం పొట్టుతో పాటే పోయేది. గాదెలో పెడితే ముక్కుపురుగు తొలిచేసేది. కాబట్టి చాలామంది హైబ్రిడ్‌ను అమ్మకానికి, పాత రకాన్ని తిండికి అని విడదీసుకున్నారు. ఏళ్ళ పాటు దాన్ని రైతుల వెనకబాటుతనంగానే లెక్కగట్టారు. 1990లో ఎం.హెచ్. 17, ఎం.హెచ్. 18 అని గట్టిగింజ వైపు మొగ్గిన హైబ్రిడ్లు విడుదలయ్యాక అదే రైతులు వాటిని తీసుకున్నారు. అడ్డుపడింది అవగాహన కాదు, గింజ. దాన్ని కొలవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు, ఒక రోలు, రోకలి, రోజూ దంచే ఒక మనిషి చాలు. ట్రయల్ ఫారంలో దానికి చోటు లేదు కాబట్టి అన్నేళ్ళు పట్టింది.

మాలీలో జొన్న సంగతీ అలాంటిదే. అక్కడి గినీ జాతి జొన్నకు పగటి పొద్దును బట్టి పూతకు వచ్చే గుణం ఉంది. వాన ముందొచ్చి ముందు విత్తినా, ఆలస్యమై వెనక విత్తినా, చేలన్నీ వానలు వెనకపట్టే సమయానికి దగ్గర దగ్గరగా పూతకొస్తాయి. కంకి వదులుగా ఉంటుంది, పక్వానికి వచ్చాక గింజ మీది పొట్టు విచ్చుకుంటుంది, గింజ త్వరగా ఆరుతుంది, బూజు పట్టదు. బయటి నుంచి తెచ్చిన పొట్టి, ముద్దకంకి, ముందుగా కోతకొచ్చే రకాలు స్టేషన్‌లో ఎక్కువ పండాయి. రైతు చేలో మాత్రం వానల్లోనే గింజ తయారై బూజు పట్టింది, కంకి నల్లులు పట్టాయి, చుట్టుపక్కల ఇంకేమీ పండి లేదు కాబట్టి పిట్టలన్నీ దాని మీదే పడ్డాయి. మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో ఎవా వెల్ట్‌జీన్ లాంటివాళ్ళు మాలీ శాస్త్రవేత్తలతో, రైతు సంఘాలతో కలిసి గినీ జాతి లక్షణాలు పోకుండానే కొత్త రకాలూ హైబ్రిడ్లూ తయారుచేసే దారి పట్టాక గానీ పని కదల్లేదు. రైతు దగ్గరున్న రకం ఎందుకు నిలిచిందో తెలుసుకోకుండా దాన్ని మార్చబోతే ఇలాగే అవుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది, విడుదలై కూడా రైతు వద్దన్న రకాల గురించి. నన్ను ఎక్కువ బాధపెట్టేది దీనికి రెండో వైపు. రైతు కావాలనుకునేవి మీ దాకా రాకముందే ఎన్ని ఆగిపోయాయో. మసూరి వరి తీసుకోండి. మలేసియాలో 1965లో విడుదలైన రకం, మన దేశానికొస్తే అధికారిక ట్రయల్స్‌లో నెగ్గలేదు, పడిపోతుందని పక్కన పెట్టారు. అయినా ఆంధ్రలో రైతుల చేతుల మీదుగా పాకింది. తర్వాత దాన్నే ఒక తల్లిగా వాడి మారుటేరులో ఎం.టి.యు. 7029, అంటే స్వర్ణ, బాపట్లలో బి.పి.టి. 5204, అంటే సాంబ మసూరి తయారయ్యాయి. ఆ రెండూ ఎన్ని లక్షల ఎకరాల్లో పండాయో మీకు చెప్పక్కర్లేదు. కమిటీ వద్దన్నదాన్ని రైతులు నిలబెట్టకపోతే ఆ తర్వాతి కథ ఎలా ఉండేదో!

కళింగ-3 అని మెట్ట వరి ఒకటుంది, 1983లో ఒడిశాలో విడుదలైంది. గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్ కొండ ప్రాంతాల్లో దాన్ని ఎవరూ సిఫారసు చెయ్యలేదు. అక్కడి రైతులతో జాన్ విట్‌కోంబ్, అరుణ్ జోషి బృందం రకాల ఎంపిక మొదలుపెట్టి, రకరకాల విత్తనాలు చేతికిచ్చి మీ పద్ధతిలోనే పండించుకోండి అన్నప్పుడు రైతులు దాన్ని పట్టుకున్నారు. త్వరగా కోతకొస్తుంది, గింజ సన్నం. పడిపోయే గుణం ఉందని వాళ్ళకూ తెలుసు, తెలిసే తీసుకున్నారు, ఎందుకంటే వాన ముందే ఆగిపోయే చోట పది రోజులు ముందు కోయడం అన్నిటికన్నా పెద్ద లాభం. ఆ లోపాన్ని సరిచేయడానికి దాన్ని ఐ.ఆర్. 64తో కలిపి, రైతులతోనే ఏరించి అశోక 200ఎఫ్, అశోక 228 అనే రకాలు తెచ్చారు. నమీబియాలో సజ్జ రకం ఒకాషానా-1 కూడా ఇలాగే. ఇక్రిశాట్ లైన్లను ఒకాషానా స్టేషన్‌లో వేసి రైతుల్ని పిలిస్తే, పెద్ద గింజ, తొందరగా కోత అని వాళ్ళే వేలు పెట్టి చూపించారు. దాన్నే విడుదల చేశారు, కొద్ది కాలంలోనే అక్కడి సజ్జ పండే ప్రాంతాల్లో బాగా పాకింది. నేపాల్ కొండల్లో 1996లో విడుదలైన మచ్ఛపుచ్ఛ్రే-3 చలిని తట్టుకునే వరి. దాని ఎంపిక కూడా ఎత్తు మీది ఊళ్ళ రైతుల చేలల్లోనే జరిగింది.

ఇక ఒక ట్రయల్‌లో జరిగింది చెప్పాలి. జొన్న రకాలకు ఓటింగ్ పెట్టాం. ప్రతి మడి ముందూ కర్రకు గుడ్డసంచి కట్టి, నచ్చితే వెయ్యడానికి కొన్ని గింజలు, నచ్చకపోతే వెయ్యడానికి వేరే రంగు గింజలు అందరికీ పంచాం. మగవాళ్ళు గబగబా నడుస్తూ కంకి పరిమాణం చూసి వేసేశారు. ఒక పెద్దావిడ మాత్రం మడి మడికీ ఆగింది. కంకి వంచి నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపింది, పొట్టు ఊదేసి చూసింది, ఒక గింజ పళ్ళ మధ్య పెట్టి కొరికింది. తర్వాత వంగి దంటును కణుపు దగ్గర విరిచి, నమిలి ఉమ్మేసింది. అందరూ మెచ్చిన పెద్దకంకి మడి దగ్గర ఆమె వేసింది నచ్చని గింజ. ఎందుకమ్మా అని అడిగితే, "పొట్టు వదలడం లేదు నాయనా, గింజ చూస్తే పిండిపిండిగా ఉంది, నాలుగు నెలలు కూడా ఆగదు, పురుగు పడుతుంది. దంటు చూడు, ఉత్త బెండు, గొడ్డు తింటుందా ఇది?" అంది. నూర్పిడి, నిల్వ, మేత, మూడూ ఆ మాటల్లోనే ఉన్నాయి. మా ఫారంలో వాటికి గడి లేదు. కింద 'ఇతర వ్యాఖ్యలు' అని ఒక గీత ఉంది. ఆ గీత మీద ఎంత పడితే అంత రాసి పంపాను. ఫైనల్ రిపోర్టులో ఆ లైనుకు రైతుల ఆదరణ 'బాగుంది' అని వచ్చింది, ఎందుకంటే గింజల లెక్కలో మగవాళ్ళే ఎక్కువ.

అందుకే ఆడవాళ్ళ ఓటు, మగవాళ్ళ ఓటు వేరుగా లెక్కపెట్టమని అడుగుతున్నాను. కలిపేస్తే సంఖ్య ఎక్కువున్నవాళ్ళ మాటే మిగులుతుంది. చేను చూసేవాళ్ళు ఒకరు, గింజను చివరిదాకా చూసేవాళ్ళు ఇంకొకరు అయిన ఇళ్ళు లోకమంతా ఉన్నాయి. ఊళ్ళో పెద్దమనిషి ముందు ఓటేస్తే వెనకవాళ్ళు అదే సంచిలో వేస్తారు, ఇదీ ఎక్కడైనా జరిగేదే. ఒక్కొక్కరినీ విడిగా పంపితే ఆ ఇబ్బంది ఉండదు. చిన్న పనులే ఇవి, కానీ చెయ్యకపోతే వచ్చిన డేటా దేనికీ పనికిరాదు.

రైతు మాట శాస్త్రీయం కాదు, లెక్కకు అందదు అని నాతో చాలామంది అన్నారు. ఈ మాట ఇప్పుడు నిలబడదు. మలావీలో సీగ్లిండ్ స్నాప్ 1990లలో మొదలుపెట్టిన తల్లి-పిల్ల ట్రయల్ పద్ధతి ఉంది. ఊరి మధ్యలో అన్ని రకాలతో, పునరావృతాలతో శాస్త్రవేత్తలు చూసుకునే పెద్ద ట్రయల్ ఒకటి తల్లి, చుట్టూ రైతులు అందులోంచి మూడు నాలుగు తీసుకుని తమ పద్ధతిలో పండించుకునేవి పిల్లలు. మొదట భూసారం పనులకు వాడారు, తర్వాత ఆఫ్రికా దక్షిణ దేశాల్లో సిమిట్ అనే అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధనా సంస్థ మొక్కజొన్న రకాలకు వాడింది. తర్వాత ట్రైకాట్ అనే పద్ధతి వచ్చింది. పది పన్నెండు రకాల్లోంచి ఒక్కో రైతుకు మూడే, పేర్లు లేకుండా ఎ, బి, సి అని రాసిన పొట్లాలు. రైతు చెప్పాల్సింది రెండే, ఏ లక్షణంలో ఏది అన్నిటికన్నా మేలు, ఏది అన్నిటికన్నా నాసి. పొలం వదిలి ఎక్కడికీ రానక్కర్లేదు, తూకాలు వెయ్యక్కర్లేదు. వేలమంది ఇలాంటి చిన్న చిన్న పోలికలు ఇస్తే, వాటిని కలిపి మొత్తం రకాలకు వరుస కట్టే గణాంక పద్ధతి ఉంది, ఆ ప్రాంతపు వాన, ఉష్ణోగ్రత వివరాలు కూడా దానికి జోడించొచ్చు. జేకబ్ వాన్ ఎటెన్ బృందం 2019లో ప్రచురించిన పనిలో ఇథియోపియా, ఇండియా, నికరాగ్వాలు కలిపి 12,409 రైతు మళ్ళ డేటా వాడారు. ఇండియాలో రొట్టె గోధుమ, ఇథియోపియాలో డ్యూరమ్ అనే గట్టి గోధుమ. అన్ని వేల మళ్ళు ఏ పరిశోధనా స్థానం వేయగలదు? ఇథియోపియాలోనే ఇంకో పనిలో 400 డ్యూరమ్ గోధుమ నమూనాలను రెండు చోట్ల 60 మంది చిన్న రైతులు, ఆడా మగా కలిసి, చూసి మార్కులేశారు. ఆ మార్కులను శాస్త్రవేత్తల కొలతల పక్కన పెట్టి విశ్లేషించారు, అవి అర్థవంతంగానే ఉన్నాయి. లెక్కకు అందదు అనేది ఇక కారణం కాదు.

రైతు పొలంలో ఒక మడికీ ఇంకో మడికీ పోలిక ఉండదు, తేడాలు మరీ ఎక్కువ అంటారు. నిజమే. కానీ ఆ తేడాల్లోనే కదా రేపు ఆ రకం బతకాల్సింది. తేడాలన్నీ తీసేసి కొలిస్తే వచ్చేది తేడాలు లేని చోటుకు పనికొచ్చే జవాబు.

అయితే రైతు కంటికి కనపడనివి ఉన్నాయి, వాటిని నేను మరిచిపోలేదు. 1998లో ఉగాండాలో యు.జి.99 అనే కాండపు తుప్పు తెగులు బయటపడినప్పుడు ప్రపంచంలో వాడుకలో ఉన్న గోధుమ రకాల్లో చాలావాటికి దాన్ని తట్టుకునే శక్తి లేదు. ఇంకా తన చేలోకి రాని తెగులును ఏ రైతూ చూసి మార్కు వెయ్యలేడు, అది మీ పనే. రేపు వచ్చే తెగులు జాతులను తట్టుకునే జన్యువులు ఏవి, గింజలో ఇనుము, జింకు ఎంత, ఇవన్నీ మీ దగ్గరే తేలాలి. ఎంత రుచిగా ఉన్నా, ఎంతమంది మెచ్చినా, పెద్ద తెగులుకు లొంగిపోయే రకాన్ని ఆపే హక్కు మీకుండాల్సిందే. నేను అడిగేది ఆ హక్కును రైతుకు మార్చమని కాదు, మీ కొలతల పక్కన రైతు కొలతకు కూడా అంతే బరువు ఇవ్వమని. రెండూ కలిస్తే ఏమవుతుందో స్వర్ణ-సబ్1 చూపించింది. ఎఫ్.ఆర్. 13ఎ అనే పాత రకంలోని ముంపును తట్టుకునే జన్యువును తీసుకొచ్చి, రైతులు ఎప్పుడో ఎంచుకున్న స్వర్ణలోనే పెట్టారు. 2009లో ఇండియాలో విడుదలైంది, రెండు వారాల దాకా నీళ్ళలో మునిగినా బతుకుతుంది. రైతు దగ్గర ఉన్న స్వర్ణ స్వర్ణలాగే ఉంది, ముంపు భయం తగ్గింది. అంత త్వరగా జనం దాన్ని తీసుకోవడానికి సగం కారణం ల్యాబ్, సగం కారణం రైతులు ముందే ఇచ్చిన తీర్పు.

రైతుల భాగస్వామ్యం అని పేరు పెట్టి జరిగే వాటిలో కూడా నాకు నచ్చనివి ఉన్నాయి, చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. రోడ్డు పక్కన, బోరు ఉన్న, పలుకుబడి ఉన్న రైతునే ఎంచుకుంటారు, అధికారులు వస్తే చూపించడానికి వీలుగా. అలా అయితే స్టేషన్‌ను ఊళ్ళోకి తెచ్చినట్టే అయింది, రైతు పొలానికి వెళ్ళినట్టు కాదు. విత్తనంతో పాటు ఎరువు, పురుగుమందు కూడా ఉచితంగా ఇచ్చి తర్వాత దిగుబడి చూసి సంతోషిస్తారు. అది కొలిచింది ఎరువును. ఉన్న కొద్ది నేలలో ఒక ముక్క మన ట్రయల్‌కు ఇచ్చిన మనిషి, అక్కడ రకం దెబ్బతింటే ఆ నష్టం ఎవరు భరించాలి అని ఒప్పందంలో రాసుకున్నది నేను చూడలేదు. ఆ టెన్షన్ ఆ ఇంటిదే. కోతలయ్యాక నమూనాలు తూచి, సంచుల్లో కట్టి తీసుకెళ్ళినవాళ్ళు, ఫలితం ఏమొచ్చిందో చెప్పడానికి మళ్ళీ రారు. ఏ పొట్లంలో ఏ రకం ఉందో కూడా చెప్పరు. రెండో ఏడు వెళ్ళి మళ్ళీ ట్రయల్ వెయ్యండి అంటే ఆ రైతు మొహం తిప్పుకుంటాడు, మనం దానికీ 'ఆసక్తి లేదు' అని రాస్తాం.

విత్తనం సంగతి వేరేగా చెప్పాలి. ఓటింగ్‌లో అందరూ మెచ్చిన రకం మీద మనసుపడి, సార్ ఇది కావాలి అని వెంటపడినవాళ్ళకు, ఇంకా విడుదల కాలేదు, వచ్చే మూడు నాలుగేళ్ళలో రావచ్చు అని చెప్పాల్సి రావడం నాకు చాలా కష్టమైన పని. కోతలప్పుడు రాత్రి కొన్ని కంకులు మాయమవుతాయి. అది దొంగతనం అని కొందరు ఆఫీసుకు ఫిర్యాదు రాస్తారు. నేనైతే దాన్ని అన్నిటికన్నా నమ్మదగ్గ ఓటుగా చూస్తాను, ఎవరి మెప్పు కోసమూ వేసింది కాదు కాబట్టి. ఏ మడిలో కంకులు పోయాయో రాసి పెట్టుకోండి, పనికొస్తుంది.

2001లో ఆమోదించి 2004 నుంచి అమల్లోకి వచ్చిన ఆహార, వ్యవసాయ మొక్కల జన్యువనరుల అంతర్జాతీయ ఒప్పందం మీ అందరి అల్మారాల్లోనూ ఉంటుంది. తొమ్మిదో అధికరణం రైతుల హక్కుల గురించి, నిర్ణయాల్లో పాల్గొనడం కూడా అందులో ఉంది. ఆరో అధికరణంలో రైతుల భాగస్వామ్యంతో రకాల తయారీని ప్రోత్సహించాలని ఉంది. సంతకాలు పెట్టిన దేశాల విడుదల నిబంధనల్లో ఈ మాట ఎక్కడుందో వెతికితే, చాలా చోట్ల సగటు దిగుబడి గడి కనిపిస్తుంది, రైతు గడి కనిపించదు. కొత్త చట్టం రానక్కర్లేదు, మీ ఫారం మారితే చాలు.

కాబట్టి నేను కోరేది ఇది. విడుదలకు వచ్చే ప్రతి లైనుకూ రైతుల ఎంపిక ఫలితం తప్పనిసరి పత్రం కావాలి. అది ముందు దశలో, ఇంకా పదిహేను ఇరవై లైన్లు బతికి ఉన్నప్పుడే జరగాలి, చివరికి మిగిలిన రెంటిలో ఒకటి ఎంచుకోమనడం ఎంపిక కాదు. మీ చెక్ రకం పక్కన ఆ ఊళ్ళో రైతులు నిజంగా వేసుకునే రకం కూడా మడిలో ఉండాలి, అది లేని పోలికను వాళ్ళు ఎలాగూ నమ్మరు. దాన్ని రైతు విత్తనంతోనే వెయ్యండి, స్టేషన్‌లో శుద్ధి చేసిన నమూనాతో కాదు. సగటుతో పాటు, బాగా తక్కువ పండిన చోట్ల ఏ రకం ముందుందో వేరే పట్టికలో చూపండి, ఎందుకంటే చిన్న రైతుకు మంచి ఏడు ఎంత వచ్చిందన్న దానికన్నా చెడ్డ ఏడు ఎంత మిగిలిందన్నది ముఖ్యం. గింజ, చొప్ప రెండూ తూచండి. దంచి, విసిరి, వండి చూసేదాకా ట్రయల్ అయిపోయినట్టు కాదు, ఆ పని ట్రయల్ వేసిన ఇళ్ళల్లోనే చేయించి, దానికి కూలి ఇవ్వండి. రైతు వద్దంటే ఎందుకు వద్దన్నారో ఆయన మాటల్లోనే రాయడానికి అర పేజీ పెట్టండి. ఆ అర పేజీ తర్వాతి సంకరానికి ఏ తల్లిని వాడాలో చెబుతుంది. కమిటీలో కనీసం ఇద్దరు చిన్న రైతులు, అందులో ఒకరు మహిళ, మాట్లాడే హక్కుతోనే కాదు, ఓటు హక్కుతో కూర్చోవాలి. వాళ్ళు వచ్చిన రోజుకు పని నష్టం కట్టివ్వాలి.

నిధులిచ్చేవాళ్ళకు ఒక మాట. మీరు అడిగే అంకె 'ఎన్ని రకాలు విడుదలయ్యాయి' అని. మేమూ అదే పంపుతాం, అందరి జీతాలూ ప్రమోషన్లూ దాని మీదే ఉన్నాయి. దాని బదులు, విడుదలైన మూడో ఏడు ఎంతమంది తమ సొంత విత్తనం దాచుకుని మళ్ళీ వేశారు, హైబ్రిడ్ అయితే ఎంతమంది మళ్ళీ కొన్నారు అని అడగండి. లెక్క తియ్యడం కష్టమే, కానీ అది అడిగిన మరుసటి ఏడు ట్రయల్ ఫారాలు వాటంతట అవే మారతాయి.

వచ్చే సీజన్ ట్రయల్స్‌కు విత్తనం పొట్లాలు కట్టే పని మరికొద్ది వారాల్లో మొదలవుతుంది. ఒకసారి పొట్లాలు కట్టి ఊళ్ళకు పంపేశాక ఏ రకాలు, ఎవరి పొలం, ఏ ఫారం అన్నది మార్చడానికి మళ్ళీ ఏడాది ఆగాలి. ఫారం ముసాయిదా మీ దగ్గరే ఉంది కాబట్టి, అచ్చుకు పంపే ముందు ఒక కాపీ ట్రయల్స్ వేసే ఊళ్ళకు పంపి, వాళ్ళు చేర్చమన్న గడులు చేర్చండి.

ఇట్లు,
రైతుల పొలాల్లో ట్రయల్స్ వేయించే ఒక క్షేత్ర సిబ్బంది